బూదికోట వాళ్ళ గుర్రం

మా మామ పోయిన సంగతి నాకు కంపెనీ బస్సులో తెలిసింది. బస్సు ఇంకా ఫ్యాక్టరీలుండే నరసాపురం చేరలేదు. మా ఆయన ఫోన్ చేసి, "నాయన పోయినాడు, వెనక్కి వచ్చేయ్" అన్నారు. ముందు సీటు కమ్మీ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన ఇంకో మాట కూడా అడిగారు. "గుర్రం వాళ్ళకు కూడా చెప్పాల కదా. ఆ బూదికోట వాళ్ళ నంబర్ నీ దగ్గర ఏమైనా ఉండాదా?"

నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. మామ ఫోన్‌లో కూడా వెతికారట, దొరకలేదు.

ఆ పొద్దు కూడా మామ ఎప్పటిలాగే గుర్రానికి ఒళ్ళంతా దువ్వి, కొట్టం ముందున్న బండ మీద కూర్చున్నారు. పాలామె వచ్చి పిలిస్తే పలకలేదు. ఇనుప దువ్వెన ఒళ్ళోనే ఉంది. గుర్రం మాత్రం మెడ చాచి ఆయన భుజం మీద ముట్టె ఆనించి నిలబడి ఉందని పాలామె అందరికీ చెప్పింది. ఆ మాట విని మా చుట్టాలొకరు, "పాపం, ఎవరి గుర్రమో ఏమో, ఎంత మాలిమి అయిపోయింది" అన్నారు. మేమందరం అవునని తలలూపాం.

మామ కోలారు గనుల ఊళ్ళో లెక్కల మేష్టరు. రిటైరై చాలా ఏళ్ళయినా ఊరంతా మేష్టరనే పిలిచేది. లెక్కలు బళ్ళో ఎలా చెప్పేవారో నాకు తెలియదు గానీ, ఇంట్లో మాత్రం ప్రతి వస్తువునూ ఒక్కటే ప్రశ్న అడిగేవారు: దీనికి పనేముంది? పని లేని డబ్బా, పని లేని గుడ్డ, పని లేని కుర్చీ మా ఇంట్లో ఒక్క రోజు కూడా నిలిచేవి కావు. "పనికిరానిదానికి చోటిస్తే పనికొచ్చేది యాడ పెట్టేది?" అనేవారు. మా ఆయన చిన్నప్పుడు ఒక కుక్కపిల్లను చొక్కాలో దాచుకుని ఇంటికి తెచ్చారట. మామ దాన్ని చూసి కోప్పడలేదు, కొట్టలేదు. "దీనికి పనేముందో చెప్పు, పెట్టుకుందాం" అన్నారట. పిల్లవాడు ఏం చెబుతాడు? దాన్ని తెచ్చిన చోటే వదిలి వచ్చాడు. మా పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఈ సంగతి నవ్వుతూనే చెప్పారు. నవ్వుతూ చెప్పినా ఇంకా మరిచిపోలేదని నాకు అర్థమైంది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం ఎర్ర గుర్రాన్ని నడిపించుకుంటూ ఇంటికొచ్చారు. ఆడగుర్రం, నుదుట తెల్ల చుక్క, వయసు మళ్ళింది. మేము రాబర్ట్‌సన్‌పేట దాటి క్యాసంబళ్ళి పోయే రోడ్డు పక్కన ఉంటాం, వెనకాల పెరడుంది, పాత పశువుల కొట్టం ఉంది. మా అత్త గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

"మనది కాదులే" అన్నారు మామ, ఎవరూ అడగకముందే. "బూదికోట వాళ్ళది. వాళ్ళకు కొట్టం లేదంట. కొన్నాళ్ళు ఇక్కడ కట్టుకుంటామన్నారు, సరే అన్నాను."

"పాలిస్తాదా, పొలం దున్నుతాదా? ఒకరి గుర్రానికి మీరెందుకు చాకిరీ చేసేది?" అని అత్త.

"కొన్నాళ్ళే" అన్నారు మామ.

ఆ కొన్నాళ్ళు మూడు ఉగాదులు దాటాయి.

మామను తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది శివరాత్రి తర్వాతి పొద్దులే. చలి తగ్గగానే గుర్రం ఒంటి మీది పాత వెంట్రుకలు రాలడం మొదలవుతుంది. మామ తెల్లవారకముందే లేచి ముందు దానికి నీళ్ళు పెట్టి, తర్వాతే తను కాఫీ తాగేవారు. ఆ తర్వాత దువ్వడం. మెడ నుంచి మొదలుపెట్టి, వీపు, పొట్ట, తొడలు. దువ్వినంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవారు. పేపర్లోని వార్తలు, కరెంటు బిల్లు, కొత్తిమీర ధర. ఏంటి మామా ఇది అంటే, "మాట్లాడకుండా దువ్వితే దానికి కోపమమ్మా" అనేవారు. రాలిన వెంట్రుకలను ఉండగా చేసి కాంపౌండు గోడ మీద పెట్టేవారు. గోరింకలు, పిచ్చుకలు, ఒక ఉడుత వచ్చి గూళ్ళ కోసం వాటిని పట్టుకుపోయేవి. పనికిరానిదంటూ వీధిలో పారేయకుండా ఆయన దాచిపెట్టిన వస్తువు, నాకు తెలిసి, అదొక్కటే.

ఎండలు ముదిరేకొద్దీ గనుల్లో బంగారం తీసి పారబోసిన సైనైడ్ దిబ్బల వైపు నుంచి తెల్ల దుమ్ము లేస్తుంది. మేము కిటికీలు మూసుకుంటాం. మామ తడిగుడ్డ తీసుకుని కొట్టంలోకి పోయి గుర్రం కళ్ళు తుడిచేవారు. కానుగ చెట్లు చిగురేస్తే ఆ నీడనే చెరువుగట్టు దాకా దాన్ని నడిపించుకుపోయేవారు. ఎప్పుడూ ఎక్కింది లేదు. దారిలో ఎవరైనా "సవారి చేయరా మేష్టారూ?" అంటే, "ఒకరి గుర్రం ఎక్కేది మర్యాద కాదప్పా" అనేవారు. పెళ్ళిళ్ళ కాలంలో పెళ్ళికొడుకు ఊరేగే మెరవణికి గుర్రం కావాలని వచ్చేవాళ్ళు. "వాళ్ళను అడిగి చెప్తాను" అని పంపించేసేవారు. మరునాడు వాళ్ళు మళ్ళీ వస్తే, "అడిగినాను, వాళ్ళు ఒప్పుకోలేదు" అని ఎంతో బాధగా చెప్పేవారు. ఆ వాళ్ళు ఎంత పట్టుదల మనుషులో అని మేము అనుకునేవాళ్ళం.

గుర్రానికి రోజూ ఉలవలు ఉడికించేవారు. ఉడికిన నీళ్ళు పారబోయడం ఆయన లెక్కలో దుబారా. దాంతో వారంలో సగం రోజులు మా ఇంట్లో ఉలవకట్టే. "గుర్రం తిన్నాకే ఇంగ మనకు" అని అత్త రాగిముద్దలోకి పోస్తూ సణిగేది. మామ తలెత్తకుండా తినేవారు. తప్పు చేసి పట్టుబడిన పిల్లాడి మాదిరి ఉండేది ఆ తల వంచుకోవడం. నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

ఎందుకంటే మేము ఒక్క ప్రశ్న అడగడం మానలేదు. పండగ వస్తే అత్త అడిగేది, జీతం రోజున మా ఆయన అడిగేవారు, బస్సు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ నేనూ అడిగేదాన్ని: "గుర్రం వాళ్ళు ఎప్పుడు తీసుకుపోతారు మామా?" అందులో కోపమేమీ లేదు. వాన పడుతుందా అని అడిగినట్టే అడిగేదాన్ని. "వస్తారమ్మా, వచ్చే నెల అంటా ఉండారు" అనేవారు ఆయన, చేతిలో ఏ పని ఉంటే ఆ పనిలోకి ముఖం దించుకుని.

పోయిన ఉగాది నాడు పచ్చడి గిన్నెతో ఆయన్ను వెతుక్కుంటూ పెరట్లోకి పోయాను. కొట్టంలో నుంచి మాట వినిపించింది. "తిను అమ్మణ్ణీ, బెల్లం ఒకటే పెట్టినాలే, వేపపువ్వు నాకు." నేను గుమ్మంలో నిలబడడం చూసి ఆయన ముఖం కందిపోయింది. చేతిలోని బెల్లం ముక్క వెనక్కి దాచుకున్నారు. "వాళ్ళ ఇంట్లో అట్ల పిలుస్తారంటమ్మా" అన్నారు. సరే మామా అని గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను. ఒక మనిషి తన పెరట్లో తన గుర్రానికి బెల్లం పెడుతూ నన్ను చూసి దాచుకున్నాడు. ఆ పొద్దు నాకది తెలియలేదు.

వైకుంఠ సమారాధన రోజు దాకా మేము బూదికోట వాళ్ళ కోసం ఎదురుచూశాం. బూదికోటలో కూడా అడిగించాం. తెలిసినవాళ్ళు లేరు. ఆ రోజు పంక్తి లేచే వేళకు తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన వచ్చాడు. ఇంట్లోకి రాకుండా తిన్నగా కొట్టం వైపు పోయాడు. గుర్రం ఆయన్ను చూసి చెవులు నిక్కించింది, చెయ్యంతా వాసన చూసింది. ఇంకేం, బూదికోట వాళ్ళు వచ్చేశారని ఇల్లంతా పాకిపోయింది.

మా అత్త ఏడుస్తూనే గుర్రం నుదుట పసుపు, కుంకుమ పెట్టింది. నానబెట్టిన ఉలవలు మూట కట్టి ఇచ్చింది. మా వైపు పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. మెడలోని తాడును విప్పి ఇంట్లోనే దాచుకుంటారు, కొన్నవాళ్ళు తమ పలుపు తామే తెచ్చుకోవాలి. పలుపు పోతే ఇంటి సిరి పోతుందని నమ్మకం. అందుకే అత్త, "మాకు అమ్మింది కాదు కదప్పా, మీ పలుపుతోనే తోలుకుపోండి. ఒకరి పలుపు మా ఇంట్లో ఉండకూడదు" అంటూ తాడు ఆయన చేతికిచ్చింది.

ముసలాయన ఆ తాడును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ పలుపు నాది కాదే అమ్మా" అన్నాడు. "నాది నా ఇంట్లో మేకుకు తగిలించి ఉండాది. గుర్రం ఇచ్చిన పొద్దు నేనే విప్పి పెట్టుకుంటిని. మేష్టరు క్యాసంబళ్ళి సంతలో కొత్త పలుపు కొనుక్కొని వచ్చినాడు. ఇది అదే."

"మీది బూదికోట కాదా?" అన్నారు మా ఆయన.

"బూదికోటలో నాకెవురుండారప్పా? ఆండర్సన్‌పేటలో జట్కా తోలేవాణ్ణి. మీ నాయన బడికి పోయేది నా బండిలోనే. ఇంగ బండి నిలిపేస్తిని, దీన్నేం చేసేది అంటే, నాకిస్తావా అని అడిగినాడు. అడిగేదానికే మనిషి సిగ్గుతో చచ్చిపోయినాడు. ఈ వయసులో మేష్టరుకు గుర్రం మీద ఆశ పుట్టింది అంటే నవ్వుతారు, ఎవురికీ చెప్పద్దు అన్నాడు. నేను చెప్పలేదు." మా ముఖాలు చూశాడు. "మీకు కూడా చెప్పలేదా?"

పంక్తిలో మిగిలినవాళ్ళు కూడా చేతులు కడుక్కోవడానికి లేచి మా వైపు చూడకుండా పోయారు. అత్త ఉలవల మూట పట్టుకుని బండ మీద కూలబడింది. "ఇన్నేండ్లు కాపురం చేసినాను. నా దగ్గర ఏం సిగ్గు ఆ మనిషికి?" అంది. మా ఆయన గుర్రం పక్కకు పోయి దాని మెడ మీద చెయ్యి వేసి అటు తిరిగి నిలబడ్డారు. "నేను నవ్వేవాణ్ణి కాదు" అన్నారు. ఆ మాట ఎవరితో అన్నారో నేను అడగలేదు.

నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వేసింది. ఒంటి మీద గుడ్డ జారిపోతే వేసే సిగ్గు లాంటిది. జీవితంలో ఒక్కసారి ఆ మనిషి లెక్కకు అందనిదొకటి కావాలనుకున్నాడు. దాన్ని నాది అని చెప్పుకోవడానికి మా ముగ్గురి ముందు ధైర్యం చాలక, ఇంట్లోనే దొంగలా బతికాడు. మేము చెడ్డవాళ్ళం కాదు. రోజూ అన్నం పెట్టాం, మందులు తెచ్చాం, మామా అని గౌరవంగానే పిలిచాం. అయినా మా ఇంట్లో ఆ ఒక్క మాటకు చోటు లేకపోయింది.

జట్కా తాత ఉత్త చేతులతోనే వెళ్ళిపోయాడు. గుర్రం మాతోనే ఉంది. దువ్వడం నేను నేర్చుకుంటున్నాను, సరిగా రాదు, మాట్లాడుతూ దువ్వడం అసలే రాదు. మొదట్లో ఒక రోజు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే నాతో పనిచేసే అమ్మాయి నా చీర మీది ఎర్ర వెంట్రుకలు చూసి, "ఏంటక్కా ఇది?" అంది. "గుర్రం" అన్నాను. "గుర్రమా? ఏం పనక్కా దానితో?" అని నవ్వింది. నా నోట్లో నుంచి ఠక్కున వచ్చిన మాట ఇది: "మాది కాదు. ఒకరిది. కొన్నాళ్ళు చూసుకుంటా ఉండాము."

అన్నీ తెలిసి కూడా అన్నాను. నరసాపురం దాకా తల ఎత్తలేకపోయాను.

మరునాడు గుర్రాన్ని పెరట్లో నుంచి తీసుకొచ్చి, రోడ్డు వైపు, కాంపౌండు గోడ పక్కనే కట్టేసి దువ్వాను. పాలామె క్యాను దించి అక్కడే నిలబడింది. "ఇంగా తోలుకుపోలేదా, ఆ బూదికోట వాళ్ళు?"

"బూదికోట వాళ్ళది కాదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా మామది. అమ్మణ్ణి అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు మాది."

ఆమె పాలు కొలిచి పోసి వెళ్ళిపోయింది. నేను రాలిన వెంట్రుకలను ఉండగా చేసి గోడ మీద పెట్టి, చేతులు దులుపుకున్నాను. కాసేపటికి ఒక గోరింక వచ్చి వాలింది. ముక్కుతో ఒక పాయ లాగి, చాలక ఇంకోటి లాగి, రెండూ పట్టుకుని కానుగ చెట్టు కొమ్మల్లోకి ఎగిరిపోయింది.