ఆగకుండా అప్పజెప్పిన లీవు లెటరు

పదో తరగతి మిత్రులారా, నిజాంపేటలోని మా కిరాయి ఇంటి బాల్కనీ నుంచి గంభీరంగా ప్రకటిస్తున్నాను: ఇంగ్లిష్ గైడు వాసన ఇప్పటికీ మారలేదు.

రేపు మా అమ్మాయికి ఇంగ్లిష్ పరీక్ష. "నాన్నా, జర పట్టుకో, అప్పజెప్త" అంటూ గైడు నా చేతిలో పెట్టింది. ఆ జిగురు వాసనకు మా అమ్మ గుర్తొచ్చింది.

మనమూ ఇలాగే అప్పజెప్పేవాళ్లం, గుర్తుందా? అమ్మకు చదువు రాదు. అయినా గైడు పట్టుకుని కూర్చునేది. నేను ఆగితే చాలు, "ఏందిరా, ఆగినవ్? మల్ల మొదటికెల్లి చెప్పు" అనేది. ఆగకుంటే చాలని కనిపెట్టాను. పాఠం ఏదైనా సరే, నెలంతా ఒకే లీవు లెటరు గడగడా అప్పజెప్పేశాను. అమ్మ మురిసిపోయి మజ్జిగ ఇచ్చేది. అలాగే పాసైపోయాను.

ఇందాక మా అమ్మాయి కూడా ఎక్కడా ఆగలేదు. నేనేమో అది చెప్పేది ఎక్కడుందో దొరక్క పేజీలు తిప్పుతూనే ఉన్నాను.

"ఏ పేజీ బిడ్డా?"

"నడుమ ఆపకు నాన్నా, మర్చిపోత!"

గైడు మూసి బాల్కనీలోకొచ్చాను.

పైన ఒక్కటి మాత్రం పూర్తిగా కల్పించాను: నేను పాసవడం. లోపలికెళ్లి ముందు ఆ సంగతి దానికి చెబుతాను. తర్వాత మొదటి నుంచి, లైను మీద వేలు పెట్టి, మళ్లీ అప్పజెప్పించుకుంటాను.