తాత మైనానికి దొంగసాక్ష్యం

నా చిన్నప్పుడు నేను రాసిన మొట్టమొదటి నోటుపుస్తకంలో మొదటి పన్నెండు పేజీలూ అబద్ధాలే. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా రోజూ డైరీ రాస్తూనే ఉన్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు రాశాను, రిటైరయ్యాక రాస్తున్నాను, ఆస్పత్రి మంచం మీద కూడా రాశాను. వాటిలో తప్పులుంటే ఉండవచ్చు. అబద్ధాలు మాత్రం ఆ పన్నెండు పేజీలతోనే సరి. ఎందుకు సరి అయ్యాయో చెప్పాలంటే, ముందు పోయిన వారం తార్నాకలో నాకు వచ్చిన కోపం గురించి చెప్పాలి.

నా కారు పాతది. ఎండకు బానెట్ మీద రంగు పాలిపోతోంది. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. నా చేత్తో నేనే పూసుకోగలిగేది, అయిపోతే వెనకాడకుండా మళ్ళీ కొనుక్కోగలిగేది, నాలుగు వానలకు చెక్కుచెదరనిది, అలాంటి మైనం డబ్బా ఒకటి. చౌరస్తా దగ్గర కార్లకు మెరుగులు పెట్టే దుకాణం కనబడితే లోపలికి వెళ్ళాను. కౌంటర్‌లోని కుర్రవాడు నా మాట పూర్తికానివ్వలేదు.

"మైనం ఎవరు వాడుతున్నరంకుల్ ఇప్పుడు? కోటింగ్ చేయించుకోండ్రి. ఐదేండ్ల దాకా బేఫికర్."

ఐదేళ్ళ సంగతి తర్వాత, పోయిన ఏడాది నువ్వు చేసిన బండి ఒక్కటి చూపించు బాబూ అన్నాను. అతను ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. అన్నీ అయిదేసి నక్షత్రాలు. నేను కళ్ళజోడు సవరించుకుని, నిలబడే, ఒక్కొక్కటీ చదివాను. 'ఇప్పుడే చేయించుకున్నా, అద్దంలా ఉంది.' 'బండి ఇంటికి తెచ్చి గంటయింది, సూపర్.' అందరూ అంతే. ఐదేళ్ళ మన్నికకు మొదటి సాయంత్రమే సాక్ష్యం చెప్పారు. పెళ్ళి పందిట్లో అక్షింతలు వేస్తూ, షష్టిపూర్తి బాగా జరిగిందండీ అని మెచ్చుకున్నట్టుంది. ఆ మాటే అతనితో అంటే నవ్వి, "లైట్ తీస్కోండంకుల్" అన్నాడు. తీసుకోలేకపోయాను. ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగినా చల్లారలేదు. ఇంత కోపం దేనికని నన్ను నేనే అడిగితే, అటక మీది పెట్టెలో ఉన్న ఆ మొదటి నోటుపుస్తకం గుర్తుకొచ్చింది.

అప్పుడు నాకు పదేళ్ళు. మా నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో చిన్న ఉద్యోగం. క్యాంపస్‌లోనే క్వార్టర్. పెరటి గోడ అవతల మాణికేశ్వర్ నగర్ ఇళ్ళు. మా తాతయ్య లాలాగూడ వర్క్‌షాప్‌లో రైలు పెట్టెలకు రంగులు వేసి రిటైరై మాతోనే ఉండేవాడు. పేరు రాయించుకుని ఏళ్ళకేళ్ళు ఎదురుచూశాక ఆ వేసవిలోనే నాన్నకు స్కూటర్ వచ్చింది. లేత నీలం రంగు. నాన్న దాన్ని బయటికి తీసేటప్పుడు ఎంత జాగ్రత్తపడేవాడంటే, మా అమ్మ వెనక కూర్చునే ముందు గాజులు పైకి లాక్కోవాలి, రేకుకు తగలకూడదు.

ఒక ఆదివారం పొద్దున క్యాంపస్‌లో బండ్లకు మెరుగు పెట్టే ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. చేతిలో సీసా. ఫారిన్ సరుకు అన్నాడు. తెల్లగుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి స్కూటర్ వెనక రేకును రుద్దాడు. నిజంగానే అద్దమైంది. అందులో నా ముఖం, నాన్న ముఖం పక్కపక్కన కనిపించాయి. నాన్న మురిసిపోయాడు. నెలకోసారి వచ్చి బండంతా రుద్దిపెడతానని సీసా ఆయన అంటే సరే అనబోయాడు. అరుగు మీద కూర్చున్న తాతయ్య మాత్రం ఆ రేకు వైపు చూడలేదు. ఆయన చేతిలోని గుడ్డ అడిగి తీసుకుని ఎండలో తిప్పి చూశాడు.

"ఏమయ్యా, ఇదేంది నీలంగున్నది?"

"దుమ్ము సార్, మురికి."

"మురికి నీలంగుంటదా? నలభై ఏండ్లు రైలు డబ్బాలకు రంగులేసిన. మురికేదో రంగేదో నాకు ఎర్కలేదా? వీడు మెరుగు పెడ్తలేడు కొడుకా, రంగు గీకుతున్నడు. నెలకోసారి గీకితే మూడేండ్లకు నీ బండి బోడిరేకైతది."

నాన్నకు కోపం వచ్చింది, పరాయివాడి ముందు తనను తెలివితక్కువవాణ్ణి చేశాడని. "నాయినా, నీది పాతకాలం ముచ్చట" అన్నాడు. తాతయ్య లోపలికి వెళ్ళి తన డబ్బా తెచ్చాడు. తేనెమైనం కరిగించి టర్పెంటైన్ కలిపి ఇంట్లోనే చేసుకున్న ముద్ద అది. వర్క్‌షాప్‌లో చేరిన కొత్తలో పెద్ద మేస్త్రీ దగ్గర నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకునేవాడు. చివరికి బేరం ఇలా కుదిరింది. స్కూటర్‌కు వెనక రెండు పక్కలా ఉబ్బెత్తుగా రెండు డొప్పలుంటాయి. ఎడమది సీసాకు, కుడిది తాతయ్య మైనానికి. కుడి డొప్ప కింద ఇంజన్ ఉంటుంది, వేడెక్కుతుంది. "వేడి పక్క నాకియ్యిండ్రి, వానికి తేలికది ఇయ్యిండ్రి" అన్నాడు తాతయ్య పంతంగా. వేసవి సెలవులు అయ్యేదాకా చూద్దాం, ఏది నిలిస్తే అదే బండంతా పూద్దాం అన్నాడు నాన్న.

సాక్షిని నేను. తాతయ్య నాకొక రెండొందల పేజీల నోటుపుస్తకం కొనిచ్చాడు. రోజూ పొద్దున రెండు డొప్పల మీదా చెంబెడు నీళ్ళు పోయాలి. నీళ్ళు గుండ్రంగా పూసల్లా నిలిచాయా, చాపలా పరుచుకున్నాయా, దుమ్ము అంటిందా లేదా, చూసింది చూసినట్టు రాయాలి. రోజుకో పేజీ.

మొదటి రోజే తేడా తెలిసిపోయింది. ఎడమ డొప్ప అద్దంలా మెరుస్తోంది. కుడివైపు, నాన్న తార్నాక దాకా వెళ్ళి వచ్చేసరికి ఇంజన్ వేడికి తాతయ్య మైనం మెత్తబడి, రోడ్డు దుమ్మంతా పట్టుకుని, పిండి చల్లిన పీటలా తయారైంది. అది చూస్తే నాన్న నవ్వుతాడు. ఆ డబ్బా తీసి అవతల పారేస్తాడు. సీసా ఆయన నెల నెలా వస్తాడు. ఓడిపోయిన తాతయ్య ఆ అరుగు మీద ఎలా కూర్చుంటాడు? నేను తడిగుడ్డ తెచ్చి దుమ్మంతా తుడిచేశాను. డబ్బాలో వేలు పెట్టి కొంచెం మైనం తీసి మళ్ళీ పూశాను. పుస్తకంలో ఇలా రాశాను: 'కుడి పక్క నీళ్ళు పూసలు. దుమ్ము లేదు.' పన్నెండు రోజులు అదే పని చేశాను. అక్షరాలు మాత్రం రోజురోజుకూ గుండ్రంగా కుదిరాయి.

పన్నెండో రోజు సాయంత్రం తాతయ్య పుస్తకం అడిగాడు. మెచ్చుకుంటాడని పరుగెత్తుకెళ్ళి ఇచ్చాను. వేలితో కూడబలుక్కుంటూ అన్ని పేజీలూ చదివాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు.

"బిడ్డా, మొన్న గాలిదుమారం వచ్చింది గదా. మీ అమ్మ ఈ అరుగు ఎన్నిసార్లు కడిగింది?"

"రెండుసార్లు."

"మరి మన స్కూటర్ మీద పడకుండ ఆ దుమ్ముకు నువ్వేమన్న చీటీ రాసి పంపినవా?"

ఆయన డబ్బా మూత తీశాడు. పైన నా చూపుడువేలి గుంటలు వరసగా ఉన్నాయి. మా తాతయ్యకు అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాత చూడలేదు.

"నా మైనానికి నీ దొంగసాక్ష్యం ఎందుకురా? గెలిస్తే అది గెల్వాలె. నువ్వు గెలిపిస్తే అది గెలుపా? ఆ సీసావాడు మీ నాయినకు ఒక్క దినం అబద్ధం చెప్పిండు. నువ్వు పన్నెండు దినాలు చెప్పినవ్, అదీ నా పేరు మీద!"

అంతటితో ఆగలేదు. నాన్న ఆఫీసు నుంచి రాగానే తానే ఎదురువెళ్ళి, ఈ పరీక్ష చెల్లదు, మనవడు నా పక్క చేరిండు, మళ్ళ మొదలుపెడ్దాం అని చెప్పేశాడు. ఆ మాట చెప్పకపోతే ఆయన గెలిచేవాడు. నాన్నకు అసలు తెలిసేదే కాదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. సిగ్గుతో కాదు, ఒళ్ళుమంటతో. నేను చేసిందంతా ఆయన కోసమే కదా! ఆయన తరఫున నిలబడినందుకు నన్నే దొంగను చేస్తాడా? పొద్దున లేచి కసిగా ఆ పేజీలు చింపబోతే తాతయ్య చేయి పట్టుకున్నాడు.

"చింపకు. అవి గూడ నువ్వు రాసినయే. కింద గీత గీసి, ఇంతవరకు అబద్ధం అని రాసిపెట్టు."

రాశాను. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కానో, ఆ గీత వెనక పేజీ మీద ఈనాటికీ వేలికి తగులుతుంది.

ఈసారి తాతయ్య పరీక్షే మార్చేశాడు. ఇంజన్ వేడి సాకు ఎవరికీ ఉండకూడదని స్కూటర్ ముందుభాగంలో, కాళ్ళకు అడ్డంగా ఉండే వెడల్పు రేకును దారం పట్టి మూడు నిలువు పట్టీలుగా విడదీశాడు. ఒకటి సీసాకు, ఒకటి తన మైనానికి. మూడోదానికి లాలాగూడ రంగుల దుకాణంలో దొరికే గుండ్రటి డబ్బా మైనం తెచ్చాడు. చవకది, గట్టిది. పాతగుడ్డతో పల్చగా పూసి, ఆరాక తుడిస్తే అయిపోతుంది. వర్క్‌షాప్‌లో ఉన్నన్నాళ్ళూ దాన్ని బద్ధకస్తుల మైనం అని వెక్కిరించినవాడు ఆయనే. అదెందుకు తాతా అంటే, "నా ఎదుట ఎవడు నిలబడాల్నో నేనే ఎంచుకుంటే ఎట్ల?" అన్నాడు. సీసా ఆయన్ను పిలిపించి, తలా పట్టీకి ఒక్కసారే పూశారు. సీసా పట్టీ మెరిసింది. తాతయ్య ముద్ద రుద్దడానికి నాన్నా నేనూ వంతులు వేసుకున్నా చేతులు పడిపోయాయి. గుండ్రటి డబ్బాకు ఒక పాట పాడుకునేంతసేపు కూడా పట్టలేదు. అది కూడా రాయమన్నాడు తాతయ్య. చేతులు పడిపోయే పని ఎంత గొప్పదైనా మనిషి రెండోసారి చెయ్యడు అన్నాడు.

ఆ మూడు పట్టీల స్కూటర్ మీద నాన్న ఆఫీసుకు వెళితే తోటివాళ్ళు ఊరుకుంటారా? "ఏం సార్, బండికి మూడు నామాలు పెట్టినవ్, తిరుపతి పోతున్నవా?" అని రోజూ ఒకటే గోల. నాన్న పళ్ళు బిగించి భరించాడు. వానలు మొదలయ్యాయి. బడి తెరిచినా పొద్దున్నే చెంబు పట్టుకుని నిలబడేవాణ్ణి. రెండు పెద్ద వానలకే సీసా పట్టీ మీద నీళ్ళు చాపలా పరుచుకున్నాయి. తాతయ్య పట్టీ మీద పూసలు నిలిచాయి గానీ, ఎండ వచ్చిన రోజల్లా దుమ్ము పట్టింది. మూడోదాని మీద పూసలూ నిలిచాయి, దుమ్మూ ఉఫ్ అంటే పోయింది. పొద్దుపొద్దునే అది రాయడం నాకు ఎంత చేదుగా ఉండేదో చెప్పలేను. అయినా రాశాను.

దసరా వచ్చింది. మా ఇళ్ళలో ఆ రోజు బండ్లకు పూజ చేసి పసుపు కుంకుమ బొట్లు పెడతాం. మూడు పట్టీల మీదా తాతయ్య ఒకే తీరుగా మూడు బొట్లు పెట్టాడు. అవి మూడు రోజులు ఎండలో ఎండాయి. తర్వాత నాన్న తడిగుడ్డ తెచ్చి, మమ్మల్నందరినీ నిలబెట్టి, తానే తుడిచాడు. సీసా పట్టీ మీద పసుపు రంగులోకి దిగిపోయింది, ఎంత రుద్దినా మచ్చ పోలేదు. తాతయ్య మైనం మీద పసుపు ముద్దలో కలిసి పచ్చగా అలుక్కుంది. గుండ్రటి డబ్బా పట్టీ ఒక్క తుడుపుకు తేటగా, లేత నీలంగా, కొత్త స్కూటర్ వచ్చిన రోజున ఉన్నట్టే ఉంది.

నాన్న నవ్వలేదు. తాతయ్య వంగి ఆ పట్టీని అరచేత్తో నిమిరి, నా వైపు తిరిగాడు.

"రాయి బిడ్డా. తాత మైనం ఓడింది, రాయి."

ఆయన తొందరపెట్టలేదు. నేను రాసేదాకా పక్కనే నిలబడ్డాడు. రాశాక ఒకసారి చదివించుకుని, తలూపి, ఆ గుండ్రటి డబ్బా తీసుకుని స్కూటర్ పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. బద్ధకస్తుల మైనాన్ని చీకటిపడేలోగా బండంతా తన చేత్తోనే పూశాడు. సీసా ఆయన మళ్ళీ వస్తే నాన్నే గుమ్మం దగ్గర నిలబడి, మా నాయిన వద్దన్నడు అని చెప్పి పంపాడు. ఆ స్కూటర్ బోడిరేకు కాలేదు. నేను కాలేజీకి వెళ్ళింది దాని మీదే.

పోయిన వారం దుకాణం నుంచి వచ్చాక ఒక మామూలు మైనం డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మూతైనా తీయకముందే ఫోన్‌కు సందేశం వచ్చింది, మీ అనుభవం ఎలా ఉంది, ఎన్ని నక్షత్రాలిస్తారు అని. మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా చేతులు చేయాల్సిన పని చేశాయి. బానెట్‌ను దారంతో విడదీశాను. ఒక పట్టీకి ఈ మైనం పూశాను, ఒకటి ఏమీ పూయకుండా వదిలేశాను. పైఅంతస్తులో ఉండే రీసెర్చ్ స్టూడెంట్ అమ్మాయి చూసి, "అంకుల్, కారుకు పాపిట తీసిండ్రా?" అని నవ్వింది. ఈ మైనం బాగుండాలని నాకు చాలా ఉంది, నేను ఎంచుకున్నది కదా. అందుకే నీళ్ళు పోసినప్పుడల్లా దాని వైపు రెండుసార్లు చూసి, ఒక్కసారే రాస్తున్నాను.

ఆ సందేశానికి ఇంకా జవాబివ్వలేదు. దసరా రానీ. బొట్లు పెట్టి, మూడు రోజులు ఎండనిచ్చి, తుడిచి చూసి చెబుతాను.