గల్ఫ్ ఫోనులో తెలుగు ఆర్డరు

గోదావరిఖని దగ్గరి ఒక ఓపెన్‌కాస్టు గనికి నన్ను సేఫ్టీ ఆఫీసర్‌గా వేసేనాటికి నాకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. కార్మికుల చొక్కా జేబుల్లోకి స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి.

బొగ్గు మీది రాతిపొరను రోజూ మధ్యాహ్నం మందుగుండుతో పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది. చుట్టూ ఉన్న బాటల మీద కాపలావాళ్ళు ఎర్రజెండాలతో నిలబడి మనుషులనూ పశువులనూ ఆపుతారు. పేల్చే చోటు మారినప్పుడల్లా కాపలా చోట్లూ మారతాయి. ఎవరెక్కడ నిలబడాలో పొద్దున్నే ఫోను గ్రూపులో పంపేవాళ్ళం. వాళ్ళు చూసుకొని, ఫోన్లు హాజరు గదిలో పెట్టి గనిలోకి దిగాలి.

నాకు ముందు ఆ పోస్టులో ఉన్నాయన తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. నాకది కంపరం. మనవాళ్ళకు మన అక్షరాల్లో చెప్పడానికేం రోగమని తెలుగు లిపికి మార్చాను. ఏదో ఉద్ధరించానని మురిసిపోయాను కూడా. పంపిన నిమిషంలోనే అందరి నుంచీ దండం బొమ్మలు వచ్చేవి. మా గనుల్లో పైవాడు ఏం చెప్పినా ముందు ‘సరే సార్’ అనాలి. అర్థం కాలేదంటే ఎదురు చెప్పినట్టే లెక్క.

ఒకరోజు సైరన్ మోగింది. పేల్చే మనిషి మీట మీద చెయ్యి వేయబోతున్నాడు. అంతలో వాకీటాకీలో ఒక డంపర్ డ్రైవర్ కేక పెట్టాడు: “ఆపుండ్రి, ఆపుండ్రి! కమాన్‌పూర్ బాట మీద గొర్లొస్తున్నయ్, ఎనక మనిషున్నడు!”

బ్లాస్టింగ్ ఆగింది. నేను కాపలా చోట్లు చూడడానికి పరుగెత్తాను. ఆ బాట మీద ఉండాల్సిన కాపలామనిషి రాజలింగు నిన్నటి చోటులోనే, మండే ఎండలో, జెండా పట్టుకొని నిటారుగా నిలబడి ఉన్నాడు.

మేనేజర్ అక్కడికక్కడే అతన్ని సస్పెండ్ చేసి, మర్నాటికి విచారణ రిపోర్టు ఇమ్మని నాకు చెప్పారు. ‘నిర్లక్ష్యం’ అని నేనొక్క మాట రాస్తే అతని ఉద్యోగం పోతుంది. కాపలావాళ్ళ మీద అజమాయిషీ చేసే ఓవర్‌మాన్ ఎల్లయ్య గ్రూపు తెరిచి చూపించాడు. “సదివి దండం పెట్టిండు గద సార్, ఇంకేం గావాలె?”

రాజలింగును పిలిస్తే “తప్పయింది సార్” అన్నాడు. నాకు మాత్రం ఒక సంగతి మింగుడుపడలేదు. నిర్లక్ష్యపు మనిషైతే ఏ నీడనో కూర్చోవాలి కదా! ఫోను ఇటియ్యమన్నాను. నేను పంపిన ఆర్డరు తెరిస్తే అక్షరాల చోట వరసగా ఖాళీ డబ్బాలు. బ్లాస్టింగ్ టైము అంకెలొక్కటే కనబడుతున్నాయి.

“నాకు గిట్లనే ఒస్తయ్ సార్. మా బావ దుబాయ్ నుంచి తెచ్చిన ఫోను. ఇంగ్లీషు అచ్చరాలైతే కూడబలుక్కొని సదువుకునేటోన్ని. ఇప్పుడు నా తోటి కాపలాయన మల్లేష్‌ను అడుగుత. ఇయ్యాల ఆయన లీవు పెట్టిండు, అందుకే నిన్నటి జాగలనే నిలబడ్డ.”

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని గద్దించాను. “అందరికి మంచిగనే ఒస్తున్నయ్. నాకే ఫోన్ చూసుడు రాదంటరని...” అని తల దించుకున్నాడు.

ఆ ఫోను సెట్టింగులన్నీ వెతికాను. అరబ్బీ ఉంది, ఉర్దూ ఉంది, తెలుగు లేదు. బజారులో ఫోన్లు బాగుచేసే ఆయన్ని అడిగితే, పైకి ఒకేలా కనిపించినా ఏ దేశంలో అమ్మే ఫోనులో ఆ దేశానికి కావలసిన భాషల అక్షరాలే పెడతారని, ఇలాంటివి తన దగ్గరికి చాలా వస్తాయని చెప్పాడు. మర్నాడు పొద్దున కాపలావాళ్ళందరి ఫోన్లూ నా బల్ల మీద పెట్టించాను. ఇంకో రెండింటిలోనూ డబ్బాలే! ఆ ఇద్దరూ రోజూ దండం పెడుతున్నవాళ్ళే.

రిపోర్టులో, ఆర్డరు కాపలావాళ్ళకు అర్థమైందో లేదో చూసుకోకపోవడం సేఫ్టీ ఆఫీసర్ లోపమని రాసి సంతకం పెట్టాను. రిటైరయ్యే ముందు నీకిదేం పని అని మేనేజర్ విసుక్కున్నారు. రాజలింగు డ్యూటీ ఎక్కాడు, నా సర్వీసు ఫైల్లోకి హెచ్చరిక లెటరు ఎక్కింది. కష్టంగానే అనిపించింది, దాచను.

ఆ తర్వాత హాజరు గదిలో ప్రతి కాపలామనిషీ తన చోటేదో నోటితో చెప్పాకే గనిలోకి దిగాలని రూలు పెట్టాను. మొదటిరోజు రాజలింగు తన చోటు చెప్పి, “మరి మీరేడుంటరో గూడ చెప్పుండ్రి సార్” అన్నాడు. ఎల్లయ్య కళ్ళెర్రజేశాడు. అడిగినదాంట్లో తప్పేముంది? చెప్పాను. ఇచ్చిన ఆర్డరు ఎదుటివాడి నోట తిరిగి వినేదాకా ఆఫీసర్ పని పూర్తి కాదని నేను నేర్చుకున్నది, సర్వీసంతా అయిపోవచ్చాక, ఆ గదిలోనే.