థర్మల్ పేస్టు ఎంత పెట్టాలి?

బియ్యపు గింజంత పెట్టమన్నాడు ఒక వీడియోలో ఒకాయన. బఠానీ గింజంత అన్నాడు ఇంకొకాయన. మరొకాయన గుణకారం గుర్తులా గీత మీద గీత గీసి, ఇదే సరైన పద్ధతి, మిగతావన్నీ తప్పు అని తేల్చేశాడు. ఇంకో వీడియోలో ఒక అమ్మాయి దోసె మీద వెన్న రాసినట్టు అంచుల దాకా పూసి చూపించింది. వాళ్లందరి కంప్యూటర్లూ హాయిగా పనిచేస్తున్నాయి. నాదొక్కటే పనిచేయడం లేదు. థర్మల్ పేస్టు సిరంజి చేతిలో పట్టుకుని, పని తెలిసినవాళ్లు ఇంతమంది ఒక్క మాట మీదికి ఎందుకు రాలేరా అని ఒళ్లు మండిపోయింది నాకు.

నా పుట్టిల్లు నంద్యాల, మెట్టినిల్లు ఆళ్లగడ్డ. మా మామ రాతి శిల్పి. ఇంటి ముందు రేకుల షెడ్డులో పొద్దున మొదలయ్యే ఉలి చప్పుడు సాయంత్రం దాకా ఆగదు. తయారైన విగ్రహాలను ఊళ్లకు చేర్చి రావడం మా ఆయన పని. దేవుడి విగ్రహాలకు నాతో పనిలేదు, ఆ కొలతలన్నీ మామకు కంఠతా వచ్చు. మనుషుల విగ్రహాలకే నేను కావాలి. పోయినవాళ్ల ఫోటో తెస్తారు. డిప్లొమాలో నేర్చుకున్న డిజైను పని ఇక్కడ అక్కరకొచ్చింది. ఫోటో చూసి కంప్యూటర్లో తలను తయారు చేస్తాను, దాన్ని ఎటు తిప్పినా చూడొచ్చు. ఇంటివాళ్లు దాన్ని చూసి "ఈయనే" అనే దాకా మామ ఉలి పట్టడు. రాయి నుంచి ఒకసారి తీసేసింది మళ్లీ అతకదు కదా.

ఒక అవ్వ ఉయ్యాలవాడ నుంచి వచ్చింది. భర్త పోయాడు. సొంత చేనులోనే సమాధి కట్టించారు, దాని మీద ఆయన విగ్రహం పెట్టాలని అవ్వ కోరిక. ఆయనకున్నది ఒకే ఫోటో, అదీ ఏదో గుర్తింపు కార్డులోది. చెరిపేసినట్టు మసకగా ఉంది. దాన్నే పట్టుకుని ఎలాగో ముఖం తయారు చేశాను. అవ్వను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, పక్క నుంచి చూపిద్దామని ముఖాన్ని మెల్లగా తిప్పాను. కంప్యూటర్ డబ్బా గుర్రుమంది. స్క్రీను నల్లబడింది. మళ్లీ ఆన్ చేసి మళ్లీ తిప్పాను. మళ్లీ నల్లబడింది.

"ఆయప్పకి ఇష్టం ల్యా," అంది అవ్వ నింపాదిగా. "ఫోటో తీపిచ్చుకుందాం రా అంటే లేసి పొయ్యేటోడు. ఇప్పుడూ అంతే, లేసి పోతాండాడు."

నేను నవ్వాను. అవ్వ నవ్వలేదు.

"ఇంగొక్కసారి వస్తా పాపా. అప్పుడూ ఇట్లనే పోతే ఇడ్సిపెడ్దాం. సచ్చినోణ్ణి బలవంతం జెయ్యగూడదు."

నాకేమో అది వేడి వల్ల అని తెలుసు. అలా ముఖాన్ని తిప్పడం కంప్యూటర్‌కు చాలా బరువైన పని. లోపల ప్రాసెసర్ కాగిపోతుంది, మాడిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. దాన్ని చల్లబరచడానికి పైన అల్యూమినియం రెక్కల దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని హీట్‌సింక్ అంటారు. దాని మీద ఫ్యాను. ప్రాసెసర్‌కూ ఈ దిమ్మకూ మధ్య కొంచెం థర్మల్ పేస్టు. ఇదంతా అవ్వకు చెప్పొచ్చు. కానీ కట్టుకున్న మనిషి గురించి ఆమెకంటే నాకెక్కువ తెలుసని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

డబ్బా విప్పి చూస్తే రెక్కల సందుల నిండా రాతి దుమ్ము. మా ఇంట్లో అన్నంలోనే పడుతుంది, దీన్ని వదులుతుందా? షెడ్డులో గాలి కొట్టే మిషన్‌తో ఊదేశాను. దిమ్మ ఊడదీస్తే పాత పేస్టు ఎండిపోయి సున్నంలా పెచ్చులు రాలింది. కొత్తది కావాలని నంద్యాల బస్సెక్కాను.

రిపేరు కొట్టులో ఉన్నాయన పేస్టు సిరంజి చేతికిచ్చి, "కొంచెం పెడ్తే సాలక్కా," అన్నాడు.

"కొంచెం అంటే ఎంతప్పా?"

"కొంచెమే."

"తక్కువైతే?"

"కాగిపోతాది."

"ఎక్కువైతే?"

"అదీ మంచిది గాదులే."

వంటల పుస్తకంలో తగినంత ఉప్పు అని రాసేవాళ్ల మీద నాకెప్పటి నుంచో ఉన్న కోపం ఆయన మీదికి మళ్లింది. బస్సులో దారిపొడుగునా వీడియోలు చూస్తూ వచ్చాను. ఇల్లు చేరేసరికి బయల్దేరినప్పుడు తెలిసినంత కూడా తెలియకుండా పోయింది.

అప్పుడు మామ లోపలికి వచ్చాడు. బల్ల మీద విప్పి పెట్టినవి చూసి, "ఏందమ్మా ఇది?" అన్నాడు. రెండింటి మధ్య పెట్టే పేస్టు మామా, ఎంత పెట్టాలో తెలియడం లేదు అన్నాను.

"రెండిటి మద్దెలో పెట్టే ముద్ద గదా, నన్నడగాల," అన్నాడు.

గుడిలో విగ్రహం నిలబెట్టేటప్పుడు పీఠానికీ విగ్రహానికీ మధ్య అష్టబంధనం పెడతారు. లక్క, గుగ్గిలం, మైనం లాంటివన్నీ వెన్న వేసి దంచి దంచి ముద్ద చేస్తారు. దాన్ని తాడులా పేని, విగ్రహం పాదం చుట్టూ సందు లేకుండా అదుముతారు. అది గట్టిపడే దాకా ఎవరూ విగ్రహాన్ని ముట్టుకోరు. మామ ఈ పని చేయని ఊరు చుట్టుపక్కల లేదు.

"సుట్టూ తాడు మాదిరి పెట్టు. సందు కనపడగూడదు," అన్నాడు.

"మధ్యలో వద్దా మామా?"

"మద్దెలో యాలమ్మా? మద్దెలో బరువు కూసుంటాది."

"మరలు బిగించేదా?"

"ఇప్పుడే బిగిచ్చొద్దు. ఊరికే తగిలిచ్చు. ముద్ద గట్టిపడినాక బిగిద్దువు. ఉండుండు, రాహుకాలం పోనీ."

కంప్యూటర్ చదువు చదివినదాన్ని ఆ మాట ఎందుకు విన్నానంటే, ఇంతమందిలో అనుమానం లేకుండా మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. రాహుకాలం పోయాక ప్రాసెసర్ అంచు చుట్టూ పేస్టు కట్టలా పోశాను. దిమ్మను మెల్లగా దించాను. మరలు తగిలించి వదిలేశాను. మామ వంగి నాలుగు పక్కలా చూసి, సందు లేదన్నాడు. నాకూ చూడముచ్చటగానే అనిపించింది.

తెల్లవారి అవ్వ వచ్చింది. ఇంత పేస్టు పెట్టాక దిగులేముందని ధీమాగా ముఖం తెరిచాను. ఈసారి తిప్పనైనా తిప్పలేదు. ముఖం అలా కనబడిందో లేదో, స్క్రీను నల్లబడింది.

అవ్వ లేచింది. కొంగు సర్దుకుంది. "సూస్తివి గదా," అంది నాతో. మామ వైపు తిరిగి, "ఆ రాయి ఇంగెవురికన్నా సెక్కప్పా. ఆయప్పను ఇడ్సిపెడ్దాం," అంది. గొంతులో కోపం లేదు. బతికుండగా ఎన్నిసార్లు అడిగి ఊరుకుందో, ఇప్పుడూ అంతే ఊరుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఒక డబ్బా చేతకానితనానికి ఆయన విగ్రహం ఆ చేనులో లేకుండా పోవడమేమిటి?

"బస్సుకింకా పొద్దుండాది. ఇంత తిని పోదువు రా," అని మామ అవ్వను వసారాలోకి తీసుకుపోయాడు. అన్నం పెట్టి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

నేను డబ్బా విప్పాను. గట్టిపడుతుందనుకున్న పేస్టు గట్టిపడనే లేదు, జిడ్డుగా వేలికంటింది. చుట్టూ కట్ట, మధ్యలో ఏమీ లేదు. అక్కడ ప్రాసెసర్ తళతళా మెరుస్తోంది. దిమ్మ అడుగు కూడా అంతే శుభ్రంగా ఉంది. రెండూ ఒకదాన్నొకటి తాకనే లేదు. రెండూ తుడుస్తూ ఉంటే మెల్లగా బుర్రకెక్కింది. విగ్రహం కదలకూడదని ముద్ద పెడతారు. ఇక్కడ కదలకుండా పట్టుకోవడానికి మరలున్నాయి. ఈ లోహానికి ఆ లోహం తగలాలి, వేడి అటు పోవాలి. కంటికి కనబడని గుంటలుంటాయి చూడండి, ఎంత నొక్కినా తగలని చోట్లు, వాటిని నింపడమే ఈ పేస్టు పని.

"గట్టిగ బిగిస్తే ముద్దంతా బైటికి పోతాది గదమ్మా?" అన్నాడు మామ.

"ఎక్కువైంది పోవాల్సిందే మామా."

"పొయ్యేదాన్ని పెట్టేది యాలకు?"

సరిగ్గా నడిమధ్యలో కందిబేడంత పేస్టు పెట్టాను. అది బియ్యపు గింజా కాదు, బఠానీ గింజా కాదు, ఎవరూ చెప్పని కొలత. దిమ్మను నేరుగా దించి, ఒక మూల మర కొంచెం, దానికి ఎదురు మూలది కొంచెం, అలా మార్చి మార్చి బిగించాను. ఇది ఒప్పో తప్పో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

అవ్వను పిలిచాను. చెయ్యి కడుక్కుని గడప దాకా వచ్చి ఆగింది. "వద్దులే పాపా. లేసి పొయ్యేటోణ్ణి ఎన్ని మార్లు పిలుస్తావ్?"

"ఆయన పోలేదవ్వా. సెగకు పోయింది."

"సచ్చినోనికి సెగేంది?"

"ఆయనకు కాదు, నా మిషన్‌కు. ఒక్కసారి కూర్చో."

కూర్చుంది. ముఖం తెరిచాను. మెల్లగా తిప్పాను. ఎడమ చెవి కనబడింది. వెనక తల కనబడింది. కుడి చెవి కనబడింది. ముఖం మళ్లీ మా వైపు తిరిగింది. ఫ్యాను ఒకే తీరున తిరుగుతోంది. మళ్లీ తిప్పాను, మళ్లీ వచ్చింది. సంతోషంతో అవ్వ వైపు చూశాను. అవ్వ కళ్లు చిట్లించి చూస్తోంది.

"ఈయప్ప ఎవురు?" అంది.

ఇన్ని రోజులూ స్క్రీను నిలవక ఆమె ముఖాన్ని నిదానంగా చూడనే లేదు. ఫోటోలో తెలియనిచోటల్లా నేను బుగ్గలు నింపాను, ముడతలు చదును చేశాను, రెండు కళ్లూ సమానంగా పెట్టాను. ఎవరో పెళ్లికొడుకు తయారయ్యాడు.

అవ్వ లేచిపోలేదు. స్క్రీను మీద వేలు పెట్టింది. "ఈడ గుంత. పండ్లు ఊడిపాయ. ఈ పక్క గూడా. ఈ కన్ను ఇంత తెరవడు, ఎండలో సేసి సేసి సగం మూసుకునే ఉంటాది." చెప్పిన చోటల్లా తవ్వుతూ పోయాను. ముక్కు పక్కన ఎద్దు కొమ్ము తగిలిన గాటు పెట్టించింది. "ఇంగా లోపలికి పో," అంటుంది. పోతాను. "సాలు," అంటుంది. ఆపుతాను. మధ్యాహ్నమంతా కంప్యూటర్ ఆగిపోలేదు.

ఇంకేం తీయాలో అడుగుదామని అవ్వ వైపు చూస్తే, కొంగు నెత్తి మీదికి లాక్కుని నిటారుగా కూర్చుని ఉంది, పెనిమిటి ఎదుట కూర్చున్నట్టు.

"ఏమప్పా," అంది స్క్రీనుతో, "ఈసారి లేసి పోలేదే?"

బస్సు వేళయిందని చెప్పడానికి వచ్చిన మామ గడప దగ్గరే నిలబడిపోయాడు. నేను కంప్యూటర్ ఆపలేదు.