నాగరత్నమ్మ ఆపిన కౌల్ తలుపు

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను పెనుకొండ దగ్గర విమాన భాగాలు తయారుచేసే యూనిట్‌కు క్వాలిటీ విభాగం అధిపతిగా వేశారు. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లే ఉంది. అంతకుముందు ముప్పై ఏళ్లకు పైగా బెంగళూరులో విమాన ఇంజన్లను విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే షాపులో పనిచేశాను. సొంత ఊరు సోమందేపల్లి పక్కన చిన్న పల్లె, కాపురం హిందూపురంలో. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్లి రావడం నా సర్వీసులో అదే మొదటిసారి.

యూనిట్‌కు అప్పగించిన పని గురించి కొంచెం చెప్పాలి. ఒక విదేశీ సరుకు రవాణా సంస్థ దగ్గర నాలుగు ఇంజన్ల పెద్ద విమానాలు కొన్ని ఉన్నాయి. వాటి రెక్కలు, పొట్ట, చక్రాలు ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తాయి. ఇంజన్లే పాతబడ్డాయి. ఇంధనం విపరీతంగా తాగుతాయి, చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి, విడిభాగాలు దొరకవు. అలాంటప్పుడు విమానాన్ని పారేయకుండా ఇంజన్లు మాత్రం మారుస్తారు. పాత ఇంజన్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కొత్త డిజైన్లలో ముందుండే ఫ్యాన్ చాలా పెద్దది. అది నెట్టే గాలిలో ఎక్కువ భాగం మంట దాకా పోకుండా చుట్టుపక్కల నుంచే వెనక్కి వెళ్తుంది. ఇంధనం ఆదా అయ్యేదీ, చప్పుడు తగ్గేదీ అందువల్లే. అయితే లావుపాటి ఇంజన్‌కు పాత చొక్కా పట్టదు. రెక్క కింద దాన్ని మోసే పైలాన్ మార్చాలి, దాన్ని కప్పే కౌల్ తలుపులు కొత్తవి చేయాలి. ఆ తలుపులు మా వంతు.

ఒక్కో తలుపు ఇంటి సింహద్వారం కంటే పెద్దది, కానీ ఇద్దరు ఎత్తగలరు. కార్బన్ గుడ్డతో చేస్తాం. నల్లటి కార్బన్ పోగులతో నేసి, జిగురు ముందే పట్టించిన గుడ్డ చుట్టలుగా వస్తుంది. గడ్డకట్టే చలిలో దాచాలి. బయటికి తీసిన క్షణం నుంచి గంటలు లెక్క రాస్తాం, ఆ గడువు దాటితే గుడ్డ పనికిరాదు. ముక్కలుగా కోసి, అచ్చు మీద పొర మీద పొర పరుస్తాం. ఏ పొరలో పోగులు ఏ దిక్కుకు ఉండాలో డ్రాయింగులో ఉంటుంది, రెండు డిగ్రీల తేడా వరకే ఒప్పుకుంటారు. చివరికి ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికిస్తాం. పడకగదంత ప్రెషర్ కుక్కర్ అనుకోండి.

పొరలు పరిచే గదిలో పన్నెండు మంది ఆడవాళ్లు పనిచేసేవారు, అందరూ కాంట్రాక్టు ఆపరేటర్లు, హోదాల్లో అన్నిటికంటే కింది మెట్టు. వారిలో ఒకరు నాగరత్నమ్మ. నలభై దాటిన మనిషి. ధర్మవరం నుంచి పొద్దున పాసింజరు రైల్లో పెనుకొండకు వచ్చేది. పదిహేనేళ్ల వయసు నుంచి ఆమె పని, మగ్గం మీద అయిపోయిన పడుగు పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతకడం. ఒక చీరకు కొన్ని వేల పోగులు. మరమగ్గాలు ఎక్కువై ఆ పని తగ్గాక మా దగ్గర చేరింది.

మొదటి తలుపు తయారవుతున్న వారం అది. మొదటి భాగాన్ని కస్టమర్ మనిషి ఎదుట కొలిచి చూపి, ఆమోదం తీసుకోవాలి. అది దక్కితేనే మిగతా ఆర్డరు. కస్టమర్ తరఫు ఇంజనీరు అప్పటికే వచ్చి హిందూపురంలో లాడ్జిలో దిగాడు. మాట తక్కువ మనిషి. ఆటోక్లేవ్ మధ్యాహ్నం మూడింటికి బుక్ అయింది.

పొద్దున పదిన్నరకు సూపర్‌వైజర్ ఓబులేసు గొంతు నా గది దాకా వినబడింది. వెళ్లి చూస్తే, తలుపు అచ్చు మీద ఇంకా రెండు పొరలే పరచాల్సి ఉంది. నాగరత్నమ్మ చేతిలోని గుడ్డ ముక్కను బల్ల మీద పరిచి నిలబడి ఉంది.

“ఏమ్మా, పని నిలబెట్టి గుడ్డ చూస్తాండావా? టైము పోతాండాది” అంటున్నాడు ఓబులేసు.

ఆమె నా వైపు తిరిగింది. “సార్, ఈ గుడ్డలో పేక వాలిండాది. అంచుకాడ బాగానే ఉండాది. నడిమికి పోయేకొద్దీ జారిండాది.”

పేక అంటే నేతలో అడ్డపోగు. అది నిలువు పోగుకు సరిగ్గా అడ్డంగా ఉండాలి. తలుపు పొరలన్నీ కోసిన ఆ చుట్ట వచ్చిన రోజు తనిఖీ చేసి సంతకం పెట్టింది నేనే. పద్ధతి ప్రకారం సరఫరాదారు సర్టిఫికెట్ చదివాను, అంచు దగ్గర మూలమట్టం పెట్టి చూశాను, సరిపోయింది. ఆ మాటే ఆమెకు చెప్పాను. నా గొంతులో కాస్త విసుగు ఉండే ఉంటుంది.

“అంచు ఎప్పుడూ బాగానే ఉంటాది సార్. ఒక పోగు పట్టుకుని ఈ కొన నించి ఆ కొనకు పోవల్ల” అంది.

చుట్టలో మిగిలిన గుడ్డను పూర్తి వెడల్పున పరిపించాను. ఒక సన్నటి నైలాన్ దారాన్ని అంచుకు లంబంగా ఈ కొస నుంచి ఆ కొసకు లాగి పట్టాం. ఆమె ఒక పేక పోగును ఎంచుకుని, వెండి రంగు పెన్సిల్‌తో దాని వెంటే చుక్కలు పెడుతూ పోయింది. జానెడు దూరం వరకు చుక్కలు దారం కిందే ఉన్నాయి. ఆ తర్వాత విడిపోయాయి. నడిమధ్యన కోణం కొలిస్తే దాదాపు నాలుగు డిగ్రీలు వచ్చింది. అవతలి అంచు దగ్గర మళ్లీ లంబంగా ఉంది, కానీ మొదలైన చోటుకు బెత్తెడు కిందికి దిగింది.

యూనిట్ మేనేజర్‌ను పిలిపించాను. ఆయన బెంగళూరు మనిషి, చెడ్డవాడు కాదు. ఆయన వాదనలో బలముంది. పద్ధతి ప్రకారం చుట్ట పాసయింది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, ఇప్పుడు ఆపితే సాయంత్రానికి గడువు దాటి పరిచిన గుడ్డంతా పోతుంది, కొత్త చుట్ట రావడానికి మూడు వారాలు. ముందు ఉడికించి చూద్దాం, తలుపు వంకరపోతే అప్పుడే పారేద్దాం అన్నాడు.

చిక్కు అక్కడే ఉంది. ఉడికాక లోపలి పోగుల వాలును మా అల్ట్రాసోనిక్ యంత్రం పట్టలేదు. అది పొరల మధ్య ఖాళీలనే పడుతుంది. తలుపు కొంచెం మెలితిరిగినా నేల మీద నొక్కి గొళ్లేలు వేస్తే మూసుకుంటుంది. ఆ నొక్కుడంతా గాలిలో ఎగిరినంతసేపూ గొళ్లేలే మోయాలి. గొళ్లెం తెగి ఊడిన కౌల్ తలుపు విమానం తోకకు తగిలితే ఏమవుతుందో ఇంజన్ షాపులో పనిచేసిన ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ తెలిసీ నేను పావుగంట నా గదిలో కూర్చున్నాను. ఆపితే నా సంతకాన్ని నేనే కొట్టేయాలి. రిటైరయ్యే ముందు ఫైల్లో ఒక రిమార్కు. ఆ పావుగంటలో నేను ఆలోచించింది విమానం గురించి మాత్రమే అని రాస్తే అబద్ధం అవుతుంది.

తర్వాత లేచి వెళ్లి అచ్చుకు ఎర్ర చీటీ కట్టాను. అది కట్టాక క్వాలిటీ అధిపతి తీసేదాకా ఎవరూ చేయి వేయకూడదు.

అదే చుట్ట గుడ్డతో ఒక చిన్న పలకను అదే వరసలో పరిచి ఉడికించాం. రెండో రోజు బయటికి తీస్తే బల్ల మీద నాలుగు మూలలూ ఆనలేదు. కాల్చిన అప్పడంలా మెలితిరిగింది. కస్టమర్ ఇంజనీరు దాన్ని ఒక మూల వేలితో నొక్కాడు, ఎదుటి మూల లేచింది. ఈ లోపాన్ని ఎవరు పట్టారని అడిగాడు. మేనేజర్ మర్యాదగా “మా టీమ్” అన్నాడు. ఇంజనీరు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు. నేను నాగరత్నమ్మను పిలిచాను. ఆమె ఆ చుట్టలోదే ఇంకో ముక్క పరిచి, ఆయన చూపుడువేలును పట్టుకుని ఒక పోగు మీద పెట్టి, పక్కకు జరుపుకుంటూ పొమ్మని సైగ చేసింది. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకు పోయాడు. గుడ్డ ఎటు జారిందో వేలికే తెలిసింది.

ఇన్నేళ్ల నేత వల్ల ఆమె చేతికి ఏదో అబ్బిందని ఓబులేసు ఆ తర్వాత పొగుడుతుంటే ఆమె ఒప్పుకోలేదు.

“చేతిలో ఏముండాదబ్బా? పోగు వెంట పోతే అదే చెప్తాది. మీరు పోలేదు, అంతే.”

లోపం నివేదికలో ‘గుర్తించినవారు’ అనే గడి ఉంటుంది. ఆనవాయితీగా అక్కడ విభాగం పేరు రాస్తారు. నేను ఆమె పేరు, హోదా రాశాను. పై గడిలో చుట్టను అంగీకరించింది నేనేనని రాశాను. రిమార్కు వచ్చింది. ఆర్డరు పోలేదు. సరఫరాదారు చుట్టను వెనక్కి తీసుకుని తప్పు ఒప్పుకున్నాడు. గుడ్డను పూర్తి వెడల్పున పరిచి మూడుచోట్ల కొలవాలని పద్ధతి మారింది. ఆ కొలిచే పనికి నేను ఆమె పేరే రాశాను. ఐటీఐ సర్టిఫికెట్ లేదని హెచ్ఆర్ తిప్పి పంపింది. యూనిట్‌లోనే పరీక్ష పెట్టి చూడమని, ప్రశ్నపత్రం తెలుగులో ఇవ్వమని మళ్లీ రాశాను. దానికి ఎనిమిది నెలలు పట్టింది. పరీక్షలో ఆమె ఒక్క ప్రశ్నే వదిలేసింది. కొత్త చుట్టలన్నీ ఆమె తనిఖీ ముద్ర పడ్డాకే లోపలికి వచ్చేవి.

మరుసటి చలికాలంలో మొదటి విమానానికి తలుపులు బిగించే చోటికి నన్ను పంపారు. ఆమెనూ పంపమని అడిగాను, ఒప్పుకోలేదు. అక్కడ చూసినది నా సర్వీసులోని మంచి దృశ్యాల్లో ఒకటి. పాత ఇంజన్‌ను గొలుసుల మీద అంగుళం అంగుళంగా కిందికి దించారు. నల్లగా మాడిన, ఫిరంగి లాంటి ఇంజన్. దాని చోటికి కొత్తది తెల్లగా, కుండలా లేచింది. నాలుగు వైపులా నలుగురు నిలబడి వేళ్లతో సైగలు చేస్తుంటే, అంత బరువూ పైలాన్ రంధ్రాల్లోకి పిన్నులు చొచ్చేంత సరిగ్గా ఆగింది. ఎవరూ గొంతు పెంచలేదు. తర్వాత మా తలుపులు మూశారు. గొళ్లెం ఒక చేత్తో పడింది. ఎవరూ నొక్కాల్సిన పని రాలేదు.

తిరిగొచ్చి నాగరత్నమ్మకు చెప్పాను. ఆమె అడిగింది ఒకటే.

“మూస్తే సందు ఎంతుండాది సార్?”

“పై నుంచి కింది దాకా ఒకటే.”

“సరే సార్” అని చేతి తొడుగులు వేసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఒక అలవాటు పాటించాను. ఏ భాగానికైనా సంతకం పెట్టేముందు, దాన్ని చేత్తో ముట్టుకుని పనిచేసిన మనిషిని పిలిచి, నీకేమైనా అనుమానం ఉందా అని అడిగేవాణ్ణి. దాదాపు అందరూ లేదనేవారు. ఇద్దరు ఉందన్నారు. ఆ రెండుసార్లూ పని ఆపాను. ఒకటి నిజమైన లోపం. రెండోది ఉత్త అనుమానమే అని తేలింది, ఒక పూట పని పోయింది. ఆ రెండో మనిషిని ఎవరూ ఏమీ అనకుండా చూశాను. ఒక్క మాట అన్నా, మూడోసారి ఎవరూ నోరు విప్పరు.