మాబున్ని అడగని పాస్‌పోర్టు

మధ్యాహ్నం నుంచి మనసు అదోలా ఉంది.

జమ్మలమడుగులో మా ఎదురింటి మాబున్ని, గండికోట చూడవచ్చేవాళ్ల కోసం మేడ మీది గదికి సున్నం కొట్టించింది. టూరిస్టులను ఇళ్లల్లో ఉంచుకోండని ఆ మధ్య టూరిజం వాళ్లు మీటింగు పెట్టి మరీ చెప్పారు. నిన్న మొదటిసారి ఒక ఫ్రాన్సు అమ్మాయి దిగింది. ఈ రోజు ఆమె సంగటి ముద్ద తింటుండగా కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏమ్మా, ఫారిన్ వాళ్లను పెట్టుకుంటే స్టేషన్లో చెప్పొద్దా?"

"చుట్టం వస్తే స్టేషన్లో యాడన్నా చెప్తారా సార్?"

"పాస్‌పోర్టు, వీసా అన్నా చూసినావా?"

చూడలేదు. మా వైపు ఇంటికొచ్చి అన్నం తినే మనిషిని కాగితాలు అడగరు. మీటింగులో ఆ ముక్క ఎవరూ చెప్పనూ లేదు. కానిస్టేబుల్ చెడ్డవాడేం కాదు. వివరాలు నమోదయ్యేదాకా లాడ్జిలో ఉండమని ఆ అమ్మాయిని ప్రొద్దుటూరు పంపించాడు. సగం ముద్ద పళ్లెంలోనే ఉండిపోయింది.

ఆటో పోయాక నేనే అన్నాను. "ఒక మాట అడిగుంటే సరిపోయేది కదా మాబున్నీ."

"కువైట్లో దిగిన పొద్దే మా ఆయన పాస్‌పోర్టు పనిచ్చిన సేటు అడిగి తీసుకున్యాడక్కా. ఇంతవరకూ ఇయ్యల్యా. ఆ మాట నా నోట్లోంచి ఎట్ల వస్తాది?"

పళ్లెం తీస్తూ మళ్లీ తనే అంది. "ఇంకెవరన్నా వస్తే మీ ఇంటికి పంపిస్తాలే. నువ్వైతే అడగగలవు."

ఇది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో సాయంత్రం దాకా తేలలేదు. మీకేమైనా తేలిందా?