తులసివనంలో వరిగడ్డి

మొన్న కార్ఖానా బస్తీలో మా సత్సంగం జరిగే ఇంటికి వెళితే, పెరట్లో తులసి మొక్కల చుట్టూ నేలను అద్దంలా ఊడ్చి ముగ్గు పెట్టారు. చూడముచ్చటగా ఉంది. అలవాటుకొద్దీ మట్టి మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనడంతో వెనక్కి తీసుకున్నాను. చిలకలగూడలో మా పెదనాన్న తల దించుకున్న ఆ వైశాఖం గుర్తొచ్చి, ఇన్నేళ్లకు నా తల కూడా వంగింది.

పెదనాన్న ఏటా సప్తాహ పారాయణం చేసేవారు. చివరి రోజు స్వామికి వేసే మాల మా పెరటి తులసిదే కావాలని ఆయన మొక్కు. ఆ తులసివనం పెద్దమ్మ చేతి చలవ. వానాకాలంలో వరుసల మధ్య బొబ్బర్లు చల్లి, తీగలు అల్లుకున్నాక కోసి అక్కడే పరిచేది. ఎండలు ముదిరేసరికి వాటిమీద వరిగడ్డి కప్పేది. గడ్డి ఎత్తి చూస్తే అడుగున మట్టి తడిగా, నీళ్లకుండను తాకినట్టు చల్లగా ఉండేది. మడి కట్టుకుని తులసి కోయడానికొచ్చే పెదనాన్నకు మాత్రం పంచెకంటుకునే ఆ పరకలు ప్రాణం తీసేవి.

ఆ ఏడు సప్తాహానికి ఒక స్వాములవారు వస్తున్నారని ఆయనకు శుభ్రత మీద పట్టుదల పెరిగింది.

"దేవుని పెరట్ల గీ చెత్తేందీ, బర్రెల కొట్టమా?"

"జెర ఆగు. ఉత్త కాళ్లతోని గీ ఎండల నువ్వే నిలవడలేవు, ఆ ఏర్లెట్ల నిలవడతయ్?" అంది పెద్దమ్మ.

"దేవుడు సూస్కుంటడు."

"గడ్డి ఇచ్చింది సుత దేవుడే గద."

ఆయన వినలేదు. గడ్డి అంతా ఎత్తించి, ఊడ్పించి, కల్లాపి చల్లించారు. ఆపైన సాయంత్రం పోసిన నీళ్ల జాడ మర్నాటికి ఉండేది కాదు. నేల నెర్రెలిచ్చింది. చివరి రోజుకు ఆకులు తుంచబోతే వేళ్లమధ్యే పొడి అయిపోయాయి. చేసేదిలేక పెదనాన్న మోండా మార్కెట్‌కు వెళ్లి మాల కొనుక్కొచ్చారు.

హారతి అయ్యాక ముందు వరుసలోని ఒకావిడ దేవుడి మెడలో మాల చూసి, "మీ పెరటి తులసే వేరండీ, ఎంత పచ్చగుందో" అంది. పెదనాన్న ఊరుకుంటే సరిపోతుంది కదా అని నాకనిపించింది. ఆ ఆలోచనకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

పారాయణంలో ఏడు రోజులూ తడబడని పెదనాన్న గొంతు అప్పుడు తడబడింది. "మాది కాదమ్మా. మాది ఎండిపాయె. నేనే ఎండబెట్టిన."

పెద్దమ్మ లేచి ప్రసాదం పంచడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆయనే వరిగడ్డి మోపు తెచ్చి, మడిపంచెతోనే కూర్చుని మొదళ్ల చుట్టూ పరిచారు. "పంచెకు అంటుతది, పైలం" అని గడపలోంచి పెద్దమ్మ. ఆయన తలెత్తలేదు.

తొలి వానకే ఆ మోడులు చిగిర్చాయి. ఆ రోజు సభలో ఆయన నిజం చెప్పగానే వేడెక్కిన నా ముఖం మాత్రం, కాలం ఎన్ని పొరలు కప్పినా, ఇంకా చల్లారలేదు.